విజయవాడ, గుంటూరు నుంచి నుబ్రా వ్యాలీ, తుర్తుక్ వెళ్ళాలనుకునేవాళ్ళకి

మనవైపు నుంచి లదాఖ్ వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది ఐదారు రోజుల ప్యాకేజీ మాట్లాడుకుని లేహ్‌లో ఒక రాత్రి, నుబ్రాలో ఒక రాత్రి, పాంగాంగ్ లేక్ దగ్గర ఒక రాత్రి అని ఉరుకులు పరుగుల మీద వెళ్ళొస్తారు, తిరిగొచ్చాక అడిగితే తలనొప్పి, వాంతులు, కారులో కూర్చుని కూర్చుని నడుం పట్టేయడం, ఇవే చెప్తారు. మీ దగ్గర ఉన్నది వారం పది రోజులే అయితే పాంగాంగ్ ఈసారికి వదిలేయండి, ఆ రోజులన్నీ నుబ్రాకి ఇచ్చేయండి, అక్కడ కూడా హుందర్ ఇసుక దిబ్బల దగ్గర ఒంటె ఎక్కి వెనక్కి తిరిగి రాకుండా పాకిస్తాన్ బోర్డర్ దాకా, అక్కడి తుర్తుక్ అనే ఊరి దాకా వెళ్ళి అక్కడ రెండు రాత్రులు పడుకోండి. ఎందుకు అనేది ఎత్తుల లెక్క చూస్తే అర్థమైపోతుంది.

విజయవాడైనా గుంటూరైనా సముద్రమట్టానికి ఓ పాతిక ముప్ఫై మీటర్ల ఎత్తులో ఉంటాయి. లేహ్ ఏమో దాదాపు 3,500 మీటర్లు. పొద్దున ఢిల్లీలో ఫ్లైట్ ఎక్కితే గంటంపావులో అంత ఎత్తున దిగుతాం, అక్కడ గాలి పల్చన కాబట్టి ఒక్కో ఊపిరికి మనకి ఇక్కడ దొరికే ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులే అందుతుంది. నుబ్రాకి వెళ్ళాలంటే ఖర్దుంగ్ లా అనే కొండ కనుమ (పాస్) దాటాలి, అది 5,359 మీటర్లు, అక్కడికెళ్ళేసరికి సగమే. (పాత బోర్డుల మీద 18,380 అడుగులు, ప్రపంచంలోనే ఎత్తైన రోడ్డు అని రాసుండేది, జీపీఎస్‌తో కొలిస్తే 17,582 అడుగులే వచ్చింది, దానికంటే ఎత్తైన రోడ్లు లదాఖ్‌లోనే ఉన్నాయి.) అయితే పాస్ దాటి అవతలికి దిగితే దిస్కిత్, హుందర్ ఊళ్ళు 3,100 మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి, తుర్తుక్ ఇంకొంచెం కిందకి, 3,000 దగ్గర. అంటే పగలు ఎత్తు దాటినా రాత్రి పడుకునేది లేహ్ కంటే తక్కువ ఎత్తులో. పాంగాంగ్ 4,200 మీటర్ల పైనే, అక్కడ పడుకోవడం మన శరీరాలకి చాలా కష్టం, అందులోనూ వచ్చిన మూడో రోజుకే. డాక్టర్లు చెప్పేది కూడా ఇదే, పగలు ఎంత ఎక్కామన్నది కాదు రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది చూడాలి, 3,000 మీటర్లు దాటాక రాత్రికి రాత్రికి మధ్య 500 మీటర్లకి మించి పెంచకూడదు.

ఎలా వెళ్ళాలి అంటే గన్నవరం నుంచి ఢిల్లీకి డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నాయి, ట్రైన్ అయితే ఏపీ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు, జీటీ, కేరళ అన్నీ విజయవాడ మీదుగానే పోతాయి, కాకపోతే రోజు పైనే పడుతుంది. ఢిల్లీ నుంచి లేహ్ ఫ్లైట్లు ఎక్కువగా తెల్లారుజామున, పొద్దునపూటే, మధ్యాహ్నమైతే అక్కడ గాలులు లేస్తాయి, ఎండకి గాలి ఇంకా పల్చబడుతుంది, విమానాలకి కష్టం. అందుకని గన్నవరంలో సాయంత్రం బయల్దేరి రాత్రంతా ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ కుర్చీల్లో జాగారం చేసి లేహ్‌లో దిగకండి, నిద్ర లేని ఒంటికి ఎత్తు మరీ ఇబ్బంది పెడుతుంది, ఎయిర్‌పోర్ట్ దగ్గర చిన్న రూమ్ తీసుకుని నాలుగు గంటలైనా పడుకోండి. సెలవులు ఎక్కువ ఉన్నవాళ్ళకి మాత్రం శ్రీనగర్ వెళ్ళి అక్కణ్ణించి రోడ్డు మీద సోనామార్గ్, జోజిలా, కార్గిల్ మీదుగా లేహ్ వెళ్ళడం అన్నిటికన్నా మంచిది, కార్గిల్ 2,700 మీటర్లలోపే, అక్కడ ఒక రాత్రి ఆగితే ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుంది. మనాలి రోడ్డు అందంగా ఉంటుంది గానీ మధ్యలో సర్చు లాంటి చోట 4,200 పైన పడుకోవాల్సి వస్తుంది, పిల్లలతో, పెద్దవాళ్ళతో వద్దు.

లేహ్‌లో దిగిన రోజు పడుకోవడమే పని. ఇది బాగా చెప్పాలి ఎందుకంటే దిగగానే ఎవరికీ ఏమీ అనిపించదు, చల్లగాలి, నీలం ఆకాశం, హుషారు, దాంతో మెయిన్ బజార్‌కి పరిగెత్తుతారు, శాంతి స్థూపం మెట్లెక్కుతారు, రాత్రికి తల పగిలిపోతుంది. ఏఎంఎస్, అంటే ఎత్తు వల్ల వచ్చే జబ్బు, దిగిన కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇవి మామూలు లక్షణాలు, ఇవి ఉన్నంతసేపు ఇంకా పైకి వెళ్ళకూడదు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గుతో నురగ పడుతుంటే అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మాట తడబడుతుంటే, తాగినవాడిలా అడుగులు తూలుతుంటే అది మెదడు వాపు, ఈ రెండింటికీ తెల్లారేదాకా చూద్దాంలే అనకూడదు, వెంటనే ఆక్సిజన్, హాస్పిటల్, కిందకి దించడం. లేహ్‌లో ఎస్ఎన్ఎం హాస్పిటల్ ఉంది, దిస్కిత్‌లో కూడా గవర్నమెంట్ హాస్పిటల్ ఉంది, ఈ రెండూ మ్యాప్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు మాకేం కాదు అనుకుంటారు, ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం లేదండి, కోటప్పకొండ మెట్లు ఆగకుండా ఎక్కేవాడు కూడా లేహ్‌లో పడిపోవచ్చు, వాళ్ళు తొందరపడతారు కాబట్టి వాళ్ళకే ఎక్కువ రిస్క్.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. మామూలుగా డాక్టర్లు 125 ఎంజీ పొద్దున ఒకటి రాత్రి ఒకటి, వెళ్ళే ముందురోజు నుంచి మొదలుపెట్టమంటారు, కానీ సల్ఫా ఎలర్జీ ఉన్నవాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి మీ డాక్టర్‌ని అడక్కుండా మెడికల్ షాపులో కొని మింగొద్దు. వేళ్ళ చివర తిమ్మిరి, మాటిమాటికీ బాత్రూమ్, ఇవి మందు వల్లే వస్తాయి, భయపడక్కర్లేదు. గుండె, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందే డాక్టర్‌తో మాట్లాడండి. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ గడ్డ కట్టకుండా లోపలి జేబులో పెట్టుకోవాలి. ఇంకో మాట, మనవాళ్ళు చాలామంది కర్పూరం గుడ్డలో కట్టుకుని వాసన చూస్తే ఊపిరి అందుతుందని తీసుకెళ్తారు, దాంతో ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది అంతే, ఒంట్లో ఆక్సిజన్ ఏమీ పెరగదు, పైగా చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. బజార్లో అమ్మే చిన్న ఆక్సిజన్ క్యాన్లు కూడా కొద్ది నిమిషాలకే అయిపోతాయి, వాటిని నమ్ముకుని పైకి పోవద్దు. మద్యం, నిద్రమాత్రలు అక్కడ పూర్తిగా మానేయండి.

ఇప్పుడు ఫోన్ సంగతి, ఇది ఇక్కడే తేల్చుకోవాల్సిన పని. మన ప్రీపెయిడ్ సిమ్ లదాఖ్‌లో పనిచేయదు, వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ ఏదైనా అంతే, పోస్ట్‌పెయిడ్ మాత్రమే పనిచేస్తుంది. సిగ్నల్ లేకపోతే బ్యాంక్ ఓటీపీ రాదు, ఫోన్‌పే పోదు, ఇంటికి ఫోన్ పోదు, ఇంట్లో అమ్మానాన్న కంగారు పడతారు. ఫ్యామిలీలో కనీసం ఒకరు వారం ముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి, జియో ఒకటి, ఎయిర్‌టెల్ లేదా బీఎస్ఎన్ఎల్ ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఎంత ఉన్నా లోయలో గంటల తరబడి సిగ్నల్ ఉండని రోడ్లు ఉన్నాయి, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, రెండ్రోజులు ఫోన్ కలవకపోతే భయపడొద్దని. క్యాష్ మొత్తం లేహ్‌లోనే తీసుకోండి, దిస్కిత్ దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. శాటిలైట్ ఫోన్లు, గార్మిన్ లాంటి శాటిలైట్ మెసెంజర్లు మన దేశంలో లైసెన్స్ లేకుండా పెట్టుకోవడం నేరం, అమెరికా నుంచి వచ్చిన బావగారి దగ్గర ఉంటే ఇంట్లోనే పెట్టి రమ్మనండి. డ్రోన్ అసలు తీసుకెళ్ళొద్దు.

బావగారి మాట వచ్చింది కాబట్టి పర్మిట్ల సంగతి. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి 2021 ఆగస్టు నుంచి ఇన్నర్ లైన్ పర్మిట్ (బోర్డర్ ప్రాంతాలకి వెళ్ళడానికి తీసుకునే అనుమతి) తీసేశారు, కానీ ఎన్విరాన్‌మెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి ఆ రసీదు దగ్గర ఉంచుకోవాలి, దాన్ని ఇప్పటికీ అందరూ పర్మిట్ అనే అంటారు. ఆధార్, రసీదు ప్రింట్లు ఓ నాలుగైదు సెట్లు తీసుకోండి, చెక్‌పోస్టులో ఫోన్ చూపిస్తే సరిపోదు. మన గుంటూరు, విజయవాడ ఇళ్ళల్లో అసలు చిక్కు వేరే ఉంది, అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్న అబ్బాయో అమ్మాయో సెలవులకి వచ్చి మేమూ వస్తాం అంటారు, వాళ్ళకి ఓసీఐ కార్డు ఉన్నా సరే ఇక్కడ విదేశీయుల కిందే లెక్క, ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ తీసుకోవాలి, అది లేహ్‌లో రిజిస్టర్డ్ ట్రావెల్ ఏజెంట్ ద్వారా వస్తుంది. బయల్దేరే ముందే ఏజెంట్‌తో మాట్లాడి, వాళ్ళ పాస్‌పోర్ట్‌తో ఏ ఊరి దాకా పంపిస్తారో ఊరి పేరుతో సహా అడిగి తెలుసుకోండి. అమెరికాలో పుట్టిన మనవళ్ళకి కూడా ఇదే రూల్.

బండి విషయానికొస్తే మీ సొంత ఏపీ కారు వేసుకెళ్తే సమస్య లేదు గానీ బయటి రాష్ట్రాల్లో అద్దెకి తీసుకున్న సెల్ఫ్ డ్రైవ్ కార్లని, బైకుల్ని అక్కడి యూనియన్‌వాళ్ళు తిరగనివ్వరు, లేహ్ ట్యాక్సీనే మాట్లాడుకోవాలి. యూనియన్ రేట్లు ముందే అచ్చేసి ఉంటాయి. డ్రైవర్‌ని గౌరవంగా పిలవాలంటే అచో లే అనండి, అన్నయ్యగారూ అన్నట్టు, కనిపించిన ప్రతివాళ్ళకీ జూలే అనండి, నమస్కారానికీ థాంక్స్‌కీ అదే మాట. పొద్దున్నే బయల్దేరండి, సౌత్ పుల్లు చెక్‌పోస్ట్‌లో కాగితాలు చూపించి ఖర్దుంగ్ లా పైకి చేరాక ఫోటో దిగి పదిహేను నిమిషాల్లో దిగిపోండి, అక్కడ టీ తాగుతూ, మ్యాగీ తింటూ గంట కూర్చునేవాళ్ళే నార్త్ పుల్లు చేరేలోపు వాంతులు చేసుకునేది. లేహ్ నుంచి దిస్కిత్ 120 కిలోమీటర్లే, కానీ సగం రోజు పట్టేస్తుంది.

దిస్కిత్‌లో గొంప (బౌద్ధ మఠం) కింద 32 మీటర్ల మైత్రేయ బుద్ధుడి విగ్రహం ఉంది, ష్యోక్ నది వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. అక్కడి భిక్షువులతో మాట కలిపితే మీది ఏ ఊరు అంటారు, ఆంధ్రా అంటే తల ఊపి ఊరుకుంటారేమో గానీ అమరావతి అని చెప్పండి. 2006 జనవరిలో దలైలామా మన అమరావతిలో కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా కార్యక్రమం చేశారు గుర్తుందా, ధాన్యకటకంలోనే, అంటే ఈ అమరావతి దగ్గరే, బుద్ధుడు మొదటిసారి కాలచక్రం బోధించాడని వాళ్ళ నమ్మకం, ఆచార్య నాగార్జునుడంటే వాళ్ళకి ప్రాణం. 2014లో అదే కాలచక్ర లేహ్‌లో జరిగింది. మనకి గుంటూరు నుంచి గంట దూరంలో ఉన్న ఊరు వాళ్ళకి పుణ్యక్షేత్రం, అందుకే వెళ్ళేముందు ఒక్కసారి అమరావతి స్థూపం, మ్యూజియం చూసి వెళ్ళండి, వాళ్ళతో మాట్లాడ్డానికి విషయం ఉంటుంది.

హుందర్ నుంచి తుర్తుక్ ఎనభై కిలోమీటర్లు, రోడ్డు ష్యోక్ పక్కనే. మధ్యలో థోయిస్ మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ వస్తుంది, అక్కడ కెమెరా బయటికి తీయకండి, కారు ఆపకండి. వంతెనలు, కాన్వాయ్‌లు, క్యాంపులు, చెక్‌పోస్టులు ఏవీ ఫోటో తీయకూడదు, వీడియో వ్లాగ్‌లో పొరపాటున పడినా తీసేయండి, లైవ్ లొకేషన్ షేర్ చేయొద్దు. చెక్‌పోస్టుల్లో తెలుగు జవాన్లు తగులుతుంటారు, తెలుగు వినగానే మొహాలు వెలిగిపోతాయి, మాట్లాడండి, ఊరు అడగండి, ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారో అడగండి, తినడానికి ఉంటే ఇవ్వండి, కానీ ఏ యూనిట్, ఎక్కడ పోస్టింగ్, ఎంతమంది ఉంటారు ఇలాంటివి అడగొద్దు, వాళ్ళని ఇబ్బంది పెట్టినట్టవుతుంది. ఈ ష్యోక్‌లో ఎగువన కలిసే నదే గల్వాన్. 2020 జూన్ 15 రాత్రి అక్కడ చైనా సైనికులతో ఘర్షణలో చనిపోయిన కల్నల్ సంతోష్‌బాబు మన హైదరాబాద్ రోడ్డు మీది సూర్యాపేట మనిషి. ఆ నీళ్ళ పక్కన వెళ్తున్నప్పుడు ఇది పిల్లలకి చెప్పండి.

తుర్తుక్ 1971 డిసెంబర్ దాకా పాకిస్తాన్ చేతిలో ఉన్న ఊరు. ఆ యుద్ధంలో నుబ్రాకే చెందిన మేజర్ ఛెవాంగ్ రిన్చెన్ ఆధ్వర్యంలో లదాఖ్ స్కౌట్స్ అనే ఆర్మీ దళం వచ్చి తుర్తుక్, త్యాక్షి, చలుంకా, థాంగ్ ఊళ్ళని తీసుకున్నారు, ఆయనకి 1948లో ఒకటి, 1971లో ఒకటి రెండు మహావీర చక్రలు. ఊళ్ళు ఇటు వచ్చాయి, ఆ రోజు పని మీద అటు వెళ్ళినవాళ్ళు అటే ఉండిపోయారు, అన్నదమ్ములు, మొగుడూ పెళ్ళాలు విడిపోయిన ఇళ్ళు ఉన్నాయి. టూరిస్టులని 2010 నుంచే రానిస్తున్నారు. అందుకని వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి, మీకు ఇండియా ఇష్టమా పాకిస్తాన్ ఇష్టమా అని దయచేసి అడగొద్దు, కెమెరా పెట్టి అసలే అడగొద్దు. వాళ్ళు బాల్టీ ముస్లింలు, సలాం చెప్పండి, పొట్టి బట్టలు, మందు బాటిళ్ళు వద్దు, ఆడవాళ్ళని అడక్కుండా ఫోటో తీయొద్దు.

ఊరు చూడాలంటే వాగు మీది వంతెన దాటి నడవాలి, కారు పోదు. సందుల పక్కనే చిన్న కాలవలు పారుతుంటాయి, ఇళ్ళ మీద ఆప్రికాట్లు రెండుగా చీల్చి ఎండబెట్టి ఉంటాయి, జులై ఆఖరు, ఆగస్టులో వెళ్తే చెట్టు మీది పండు తినొచ్చు, చేతిలో పట్టుకుంటే వేడిగా, నోట్లో పెడితే తేనె. గింజలు రాయి మీద పెట్టి పగలగొట్టి లోపలి పప్పు తీసి నూనె ఆడతారు. ఆ ఊళ్ళో తప్పకుండా చూడాల్సింది నంగ్‌చుంగ్, రాళ్ళు పేర్చి కట్టిన చిన్న గది, కొండ రాళ్ళ సందుల్లోంచి వచ్చే చల్లగాలి లోపలికి వచ్చేలా కడతారు, మధ్యాహ్నం ఎండలో నిలబడి రాళ్ళ మధ్య చెయ్యి పెడితే ఫ్రిజ్ తలుపు తీసినంత చల్లదనం తగులుతుంది, మాంసం, వెన్న అందులోనే దాచుకుంటారు. కరెంటు లేదు, మోటార్ లేదు. హోమ్‌స్టేలో కిసిర్ అడగండి, బక్వీట్ పిండితో వేసే అట్టు. నడిచేటప్పుడు దారి వదిలి కొండల మీదకి వెళ్ళొద్దు, ఏదైనా ఇనుప ముక్క కనిపిస్తే ముట్టుకోవద్దు, యుద్ధాలు జరిగిన నేల అది.

తిండి గురించి, ఆవకాయ, కారప్పొడి, కందిపొడి తీసుకెళ్ళండి గానీ చెక్‌-ఇన్ బ్యాగ్‌లో వేయండి, కారం హ్యాండ్ బ్యాగ్‌లో దొరికితే సెక్యూరిటీవాళ్ళు తీసేస్తారు, గుంటూరు కారం చెత్తబుట్టలో పడేస్తుంటే చూడలేం. అంత ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి మామూలు రైస్ కుక్కర్‌లో అన్నం పలుకుగా ఉండిపోతుంది, అన్నం తప్పనిసరి అనుకుంటే చిన్న ప్రెషర్ కుక్కర్ ఉండాలి. మొదటి రెండ్రోజులు నూనె, కారం తగ్గించి పప్పన్నం, సూప్, వేడినీళ్ళు. నీళ్ళు దాహం వేయకపోయినా తాగాలి, అలాగని గబగబా లీటర్లు లీటర్లు తాగేయడం కూడా మంచిది కాదు. వాళ్ళకి నీళ్ళు చాలా విలువ, బకెట్ నీళ్ళు ఇస్తే అది ఎక్కణ్ణించో మోసుకొచ్చినదని గుర్తుంచుకోండి, కవర్లు, బాటిళ్ళు తిరిగి లేహ్ తెచ్చేయండి, లేహ్‌లో మహిళలు పట్టుబట్టి 1998లోనే పాలిథిన్ కవర్లు ఆపించారు.

బట్టలకి విజయవాడలో డబ్బులు తగలేయొద్దు, మందపు జాకెట్లు లేహ్‌లో అద్దెకి దొరుకుతాయి, ఇక్కణ్ణించి థర్మల్స్, ఉన్ని టోపీ, సాక్స్ చాలు. బూట్లు మాత్రం ఇక్కడే కొని రెండు వారాలు రోజూ బ్యారేజీ మీద నడిచి కాళ్ళకి అలవాటు చేసుకోండి. సన్‌స్క్రీన్, చల్లద్దాలు, ముక్కు లోపల రాసుకోవడానికి వాజలిన్ మర్చిపోవద్దు, గాలి ఎండిపోయి ఉండి ముక్కులోంచి రక్తం వస్తుంటుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మంచి టైమ్, దసరా సెలవుల్లో వెళ్తే చెట్లు పసుపు రంగులో బ్రహ్మాండంగా ఉంటాయి గానీ రాత్రుళ్ళు గడ్డకట్టే చలి. ఏ నెలలో వెళ్ళినా రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ వచ్చి మన దేశంలో ఉత్తరాన, పడమరన 32 ఎయిర్‌పోర్టులు మూసేసినప్పుడు లేహ్ కూడా అందులో ఉంది, మంచు పడినా, కొండచరియలు విరిగినా ఖర్దుంగ్ లా మూసేస్తారు. డేట్ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి, నాలుగొందలు ఎక్కువైనా పర్వాలేదు, ఆర్మీవాళ్ళు ఈరోజు వద్దు అంటే వాదించకుండా వెనక్కి తిరగండి.

తిరుగు ఫ్లైట్ రోజున నుబ్రా నుంచి నేరుగా ఎయిర్‌పోర్ట్‌కి వద్దామని ప్లాన్ చేయొద్దు, ముందురోజే లేహ్ వచ్చి పడుకోండి. ఆ సాయంత్రం బజార్లో ఎండు ఆప్రికాట్లు కొనుక్కోండి, ఆప్రికాట్ నూనె సీసా తుర్తుక్‌లోనే ఆ ఇంటివాళ్ళ దగ్గర తీసుకోండి, డబ్బు నేరుగా వాళ్ళకే చేరుతుంది, సీసా మూత టేపుతో చుట్టి, కవర్లో పెట్టి బట్టల మధ్య చెక్‌-ఇన్ బ్యాగ్‌లో వేయండి. ఎయిర్‌పోర్ట్‌లో చెకింగ్ రెండు మూడు సార్లు ఉంటుంది, రెండున్నర గంటల ముందే వెళ్ళండి, రన్‌వే వైపు ఫోటోలు తీయకూడదు, అది కూడా ఎయిర్‌ఫోర్స్‌దే.